ఆర్‌పీఎస్19 జన్యువు: నకళ్ల మధ్య అసలును పట్టుకునే పని (ప్రాజెక్టు డైరీ)

గుంటూరులోని ఒక కళాశాల బయోటెక్నాలజీ ల్యాబులో ఎమ్మెస్సీ విద్యార్థులతో చేస్తున్న పని ఇది. పెట్టుకున్న లక్ష్యాలు రెండు. మొదటిది, మనిషి రక్తంలోని తెల్లకణాల నుంచి ఆర్‌పీఎస్19 అనే రైబోసోమ్ (కణంలో ప్రోటీన్లు తయారు చేసే యంత్రం) ప్రోటీన్ జన్యువు తాలూకు సందేశక ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏగా (ఆర్‌ఎన్‌ఏను చూసి చేసిన డీఎన్‌ఏ ప్రతి) మార్చి పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచే పద్ధతి) చూడటం. రెండోది, అదే జన్యువులో నాలుగో ఎక్సాన్‌ను (సందేశక ఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యు భాగాల్లో ఒకటి) నేరుగా డీఎన్‌ఏ నుంచి చదవడం. రక్తం నాది. విద్యార్థుల నమూనాలు తీసుకోలేదు. వారి జన్యువులో ఏదైనా తేడా కనబడితే దాని అర్థం విడమరచి చెప్పగల వైద్యులు మా ల్యాబులో లేరు కాబట్టి మొదటే ఈ నియమం పెట్టాం. ఇదే పని చేయదలచిన వారూ ఈ నియమం పాటిస్తే మంచిది.

ఖర్చు ప్రతి దశ చివర ఉంది. కళాశాలలో ముందే ఉన్న రసాయనాలను లెక్కలోకి తీసుకోలేదు.

దశ 1: కంప్యూటర్ మీద కొలతలు

మనిషి రైబోసోమ్‌లో 80 ప్రోటీన్లు, 4 ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. చిన్న ఉపభాగంలో 33 ప్రోటీన్లు, పెద్దదానిలో 47. ఆర్‌పీఎస్19 చిన్న ఉపభాగపు తల భాగంలో ఉంటుంది. 145 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, బరువు సుమారు 16 కిలోడాల్టన్లు. దీని జన్యువు 19వ క్రోమోజోమ్ పొడవాటి భుజం మీద, 19క్యూ13.2 దగ్గర ఉంది. ఎక్సాన్లు ఆరు. మొదటి ఎక్సాన్‌లో ప్రోటీన్ సంకేతం లేదు. ఆరంభ కోడాన్ (ప్రోటీన్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే మూడక్షరాల గుర్తు) రెండో ఎక్సాన్ మొదట్లో వస్తుంది.

ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు) రాసుకునే ముందు సంకేత భాగాన్ని ఎక్సాన్ల వారీగా కూడుకున్నాం:

1. ఎక్సాన్ 2: 71 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు). మొత్తం 71.
2. ఎక్సాన్ 3: 101. మొత్తం 172.
3. ఎక్సాన్ 4: 184. మొత్తం 356.
4. ఎక్సాన్ 5: 55. మొత్తం 411.
5. ఎక్సాన్ 6: 27. మొత్తం 438.

145 కోడాన్లకు 435, ముగింపు కోడాన్‌కు 3, కలిపితే 438. లెక్క సరిపోయింది. ఈ కూడిక అనవసరమనిపిస్తుంది కానీ తర్వాత జెల్ (డీఎన్‌ఏ ముక్కలను పొడవు ప్రకారం విడదీసే పలక) మీద బ్యాండును చూసి తలలు పట్టుకున్నప్పుడు మమ్మల్ని దారిలో పెట్టింది ఇదే.

మొదటి ప్రైమర్ జత ఆరంభ కోడాన్ దగ్గర ఒకటి, ముగింపు కోడాన్ దగ్గర ఒకటి. రావలసిన ముక్క 438 బేస్ జతలు. పాఠ్యపుస్తకాలు చెప్పే జాగ్రత్త కూడా పాటించినట్టే: రెండు ప్రైమర్లు వేర్వేరు ఎక్సాన్లలో ఉన్నాయి, మధ్యలో నాలుగు ఇంట్రాన్లు (ఆర్‌ఎన్‌ఏ నుంచి కత్తిరించుకుపోయే భాగాలు) ఉన్నాయి. కాబట్టి ఆర్‌ఎన్‌ఏలో డీఎన్‌ఏ కలిసినా దాని నుంచి 438 రాదు, వేల బేసుల ముక్క రావాలి. మా యంత్రంలో పెట్టిన సమయానికి అంత పొడవు తయారే కాదు. ఇదీ మా ధీమా.

పేర్ల దగ్గర ఒక గొయ్యి ఉంది, చెప్పి ముందుకు వెళ్తాను. నమూనా బొమ్మ కోసం విద్యార్థులు బాక్టీరియా రైబోసోమ్ నిర్మాణాన్ని దించుకుని అందులో ఎస్19ను చూపించారు. అది మనది కాదు. బాక్టీరియా ఎస్19కు మనిషిలో బంధువు ఆర్‌పీఎస్15. మన ఆర్‌పీఎస్19 లాంటిది బాక్టీరియాలో లేనే లేదు. 2014లో వచ్చిన కొత్త నామకరణంలో మన ఆర్‌పీఎస్19ను ఈఎస్19 అని, ఆర్‌పీఎస్15ను యూఎస్19 అని అంటారు. మనిషి రైబోసోమ్ నిర్మాణమే దించుకోండి, అంకెను నమ్మకండి.

ఖర్చు: ప్రైమర్లు రెండు, 43 బేసులు, బేసుకు 14 రూపాయల చొప్పున 602. పార్సిల్ 150. మొత్తం 752.

దశ 2: పిప్పెట్టు, పీసీఆర్ యంత్రం

ల్యాబు పరికరాల మీద నమ్మకం లేక ముందు వాటిని కొలిచాం. రసాయన శాస్త్ర విభాగంలోని త్రాసు మిల్లీగ్రాములో పదో వంతు వరకు చూపిస్తుంది. 20 మైక్రోలీటర్ల నీరు సుమారు 20 మిల్లీగ్రాములు తూగాలి. మా పిప్పెట్టు సగటున 17.1 ఇచ్చింది. అంటే ప్రతిసారీ ఏడో వంతు తక్కువ. విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగు పగిలి ఉంది. రింగు మార్చి గ్రీజు రాశాక 19.6 వచ్చింది. ఇంతకుముందు ఈ పిప్పెట్టుతో చేసిన ప్రయోగాల రికార్డులన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, వాటి జోలికి వెళ్లలేదు.

పీసీఆర్ యంత్రంలో 60 డిగ్రీలు పెట్టి, భౌతిక శాస్త్ర విభాగపు థర్మోకపుల్‌ను నూనె పోసిన ట్యూబులో ఉంచి కొలిచాం. మధ్య గుంటల్లో 60.1, మూల గుంటల్లో 57.6. రెండున్నర డిగ్రీల తేడా ప్రైమర్ తప్పు చోట అతుక్కోవడానికి చాలు. అప్పటి నుంచి బయటి వరుస ఖాళీగా వదిలేసి, మధ్య గుంటలే వాడుతున్నాం.

ఖర్చు: రింగు, గ్రీజు 240. ఇప్పటివరకు 992.

దశ 3: రక్తం నుంచి ఆర్‌ఎన్‌ఏ

ఎర్రకణాలను పగలగొట్టే ద్రావణం లీటరుకు: అమోనియం క్లోరైడ్ 8.3 గ్రాములు, పొటాషియం బైకార్బనేట్ 1 గ్రాము, ఈడీటీఏ 37 మిల్లీగ్రాములు. చల్లగా వాడాలి.

1. 2 మిల్లీలీటర్ల రక్తానికి 10 మిల్లీలీటర్ల ద్రావణం. ఐసు మీద 10 నిమిషాలు.
2. నెమ్మదిగా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో 10 నిమిషాలు. పై ఎర్ర ద్రవం పారబోయాలి.
3. అడుగున తెల్లటి ముద్ద మిగిలే దాకా ఇదే మళ్లీ.
4. ముద్దను ఫినాల్, గ్వానిడిన్ ఉన్న ద్రావణంలో కరిగించి, క్లోరోఫాంతో వేరు చేసి, పై పొర నుంచి ఐసోప్రొపనాల్‌తో ఆర్‌ఎన్‌ఏను దింపాలి.

మొదటి నమూనా మొత్తం వ్యర్థం. ఆర్‌ఎన్‌ఏ కొలత బాగానే ఉంది, పీసీఆర్‌లో మాత్రం జెల్ ఖాళీ. కారణం వెదకడానికి ఒక ట్యూబులో ముందే పని చేస్తుందని తెలిసిన డీఎన్‌ఏను మా నమూనాతో కలిపి నడిపాం. అదీ ఖాళీ. అంటే లోపం ప్రైమర్లలో లేదు, నమూనాలో పీసీఆర్‌ను ఆపేసేది ఏదో ఉంది. నమూనాను 50 రెట్లు పలుచన చేస్తే మసక బ్యాండు వచ్చింది. అప్పుడు రక్తం తీసిన ట్యూబు మూత రంగు చూశాం: ఆకుపచ్చ. రక్తం తీసిన చోట హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపేది) ట్యూబు వాడారు. హెపారిన్ ఆర్‌ఎన్‌ఏతో పాటే దిగి వచ్చి పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటుంది. ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబే తీసుకోవాలి, మన ట్యూబు మనమే పట్టుకెళ్లాలి.

రెండో నమూనా: మైక్రోలీటరుకు 38 నానోగ్రాములు, 30 మైక్రోలీటర్లు. అంటే 1,140 నానోగ్రాములు. 260, 280 తరంగదైర్ఘ్యాల నిష్పత్తి 1.92. ఆర్‌ఎన్‌ఏకు ఇది ఫరవాలేదు.

ఎంజైములు వేసవిలో హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చాయి. లోపలి జెల్ ప్యాకులు కరిగిపోయి ఉన్నాయి. మిర్చి దాచడానికి ఇన్ని కోల్డ్ స్టోరేజీలు ఉన్న ఊరిలో మైనస్ 20 డిగ్రీల పెట్టె కోసం మూడు విభాగాలు తిరగాలి. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైము) అదృష్టవశాత్తూ బతికే ఉంది. పరీక్షించకుండా వాడలేదు.

ఖర్చు: ఈడీటీఏ ట్యూబులు 80, ఐసు 60, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ కిట్ 8,900, పీసీఆర్ ఎంజైము, న్యూక్లియోటైడ్లు 3,600. ఇప్పటివరకు 13,632.

దశ 4: రాకూడని చోట వచ్చిన బ్యాండు

25 మైక్రోలీటర్ల మిశ్రమం ఇది: 10 రెట్ల బఫర్ 2.5, న్యూక్లియోటైడ్లు 0.5, మెగ్నీషియం క్లోరైడ్ (25 మిల్లీమోలార్) 1.5, ప్రైమర్లు (10 మైక్రోమోలార్) ఒక్కొక్కటి 1, ఎంజైము 0.2, నమూనా 2, నీరు 16.3. ఎంజైము 0.2ను విడిగా ఎవరూ కచ్చితంగా తీయలేరు కాబట్టి అన్ని ట్యూబులకు కలిపి ఒకే మిశ్రమం చేసుకుని పంచండి. 95 డిగ్రీలు 3 నిమిషాలు, తర్వాత 35 చక్రాలు (95లో 30 సెకన్లు, 60లో 30, 72లో 40), చివర 72లో 5 నిమిషాలు.

జెల్ మొదట నవ్వు ముఖం పెట్టింది, అంటే మధ్య బ్యాండ్లు ముందుకు, పక్కవి వెనక్కి. ఏసీ లేని గదిలో 100 వోల్టులకు బఫర్ వేడెక్కింది. బఫర్‌ను ఫ్రిజ్‌లో ఉంచి, 70 వోల్టులకు తగ్గించాక బ్యాండ్లు సమంగా నడిచాయి.

ఆ జెల్ మీద వరుసలు: కొలబద్ద డీఎన్‌ఏ, సీడీఎన్‌ఏ, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ వేయని ట్యూబు, నీళ్లు.

సీడీఎన్‌ఏ వరుసలో 400, 500 గీతల మధ్య బ్యాండు. రావలసిన చోటే. నీళ్ల వరుస ఖాళీ. కానీ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఎంజైము వేయని వరుసలోనూ సరిగ్గా అదే ఎత్తులో బ్యాండు!

"మేడమ్, ట్యూబులు తారుమారయ్యాయేమో" అని ఒకరు, "ప్రైమర్‌లో ఏదైనా కలిసిందేమో" అని ఇంకొకరు. ప్రైమర్ కలుషితమైతే నీళ్ల వరుసలోనూ రావాలి, అది ఖాళీగా ఉంది. ట్యూబుల మీద పేర్లు కొత్తగా రాసి మళ్లీ నడిపితే అదే ఫలితం. ఎంజైము లేకుండా ఆర్‌ఎన్‌ఏ నుంచి బ్యాండు రాదు. కాబట్టి అది నమూనాలో కలిసిన డీఎన్‌ఏ నుంచే వస్తోంది. అయితే అసలు జన్యువు నుంచి వస్తే నాలుగు ఇంట్రాన్లతో వేల బేసుల పొడవు ఉండాలి. ఇది 438 దగ్గర ఉంది. 71, 101, 184, 55, 27: ఎక్సాన్లు మాత్రమే కూడితే వచ్చే పొడవు. ఇంట్రాన్లు లేని ఆర్‌పీఎస్19 డీఎన్‌ఏలో ఎక్కడో ఉందన్నమాట.

ఖర్చు: జెల్ రంగు 1,100, కొలబద్ద 1,900. ఇప్పటివరకు 16,632.

దశ 5: నకళ్లు

ఉన్నాయి, చాలా ఉన్నాయి. మా 438 బేసులను మనిషి జీనోమ్ మొత్తంతో పోల్చి చూస్తే, 19వ క్రోమోజోమ్ మీది అసలు జన్యువు ముక్కలు ముక్కలుగా కనబడింది. వేరే క్రోమోజోమ్‌ల మీద మాత్రం ఏ విరామమూ లేకుండా ఒకే గీతగా సరిపోలేవి కనిపించాయి. ఇవి మిథ్యా జన్యువులు. వీటి పుట్టుక ఇలా: కణంలోని సందేశక ఆర్‌ఎన్‌ఏను లైన్-1 అనే జంగమ డీఎన్‌ఏ తాలూకు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ తిరిగి డీఎన్‌ఏగా మార్చి ఎక్కడో ఒకచోట అతికిస్తుంది. అది బీజకణ వంశంలో జరిగితే తరతరాలకూ వస్తుంది. ఇంట్రాన్లు కత్తిరించుకుపోయిన ఆర్‌ఎన్‌ఏ నుంచి పుట్టింది కాబట్టి నకలులో ఇంట్రాన్లు ఉండవు. మేం 8,900 పెట్టి కొన్న కిట్‌తో ట్యూబులో చేద్దామనుకున్న పనిని మన పూర్వీకుల కణాలు ఎప్పుడో ఉచితంగా చేసి పెట్టాయి.

రైబోసోమ్ ప్రోటీన్ జన్యువులకు ఈ బెడద అన్నిటికన్నా ఎక్కువ. 2002లో యేల్ విశ్వవిద్యాలయంలో మార్క్ గెర్స్టీన్ బృందం మనిషి జీనోమ్‌లో వీటి మిథ్యా జన్యువులను 2,000కు పైగా లెక్కించింది. పని చేసే జన్యువు దాదాపు ప్రతి ప్రోటీన్‌కూ ఒక్కటే. ఆర్‌పీఎల్21కైతే వందకు పైగా నకళ్లున్నాయి. కారణం ఊహించగలిగినదే: ప్రతి కణానికీ రైబోసోములు కావాలి. వేగంగా పెరిగే హెలా కణం (ల్యాబుల్లో పెంచే క్యాన్సర్ కణం) నిమిషానికి దాదాపు 7,500 రైబోసోమ్ ఉపభాగాలు తయారు చేస్తుందని అంచనా. అన్ని సందేశాలు తిరుగుతున్న చోట కొన్ని వెనక్కి డీఎన్‌ఏలో అతుక్కోవడంలో వింత లేదు.

కాబట్టి "ప్రైమర్లు వేర్వేరు ఎక్సాన్లలో పెడితే చాలు" అనే సలహా ఈ కుటుంబం దగ్గర చెల్లదు. క్యూపీసీఆర్‌లో (పీసీఆర్‌తో మోతాదు కొలిచే పద్ధతి) కొలమానంగా ఆర్‌పీఎల్13ఏ, ఆర్‌పీఎస్18 లాంటివి వాడేవారు చాలామంది. ఎంజైము వేయని ట్యూబు లేకుండా ఆ అంకెలను నేను నమ్మను.

మార్చిన పద్ధతి:

1. మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైము) 1 యూనిట్, 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలు.
2. ఈడీటీఏ 5 మిల్లీమోలార్ అయ్యేలా కలిపిన తర్వాతే 65 డిగ్రీల వద్ద 10 నిమిషాలు. ఈడీటీఏ లేకుండా వేడి చేస్తే మెగ్నీషియం ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తుంది.
3. ఆ ఈడీటీఏ తర్వాతి చర్యలో మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. అందుకని రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్‌లో నమూనా తక్కువగా వేయాలి, లేదా మెగ్నీషియం పెంచాలి.
4. పీసీఆర్ చక్రాలు 35 నుంచి 28కి.

నాలుగోది ఎందుకంటే, డీఎన్‌ఏజ్ తర్వాత కూడా 35 చక్రాలకు ఎంజైము లేని వరుసలో నీడలాంటి బ్యాండు మిగిలింది. ఆర్‌పీఎస్19 సందేశం కణంలో సమృద్ధిగా ఉంటుంది, దానికి 28 చక్రాలు చాలు. 28 దగ్గర సీడీఎన్‌ఏ వరుసలో గట్టి బ్యాండు, ఎంజైము లేని వరుస ఖాళీ. మొదటి లక్ష్యం ఇక్కడితో అయింది.

ఖర్చు: డీఎన్‌ఏజ్ 3,200. ఇప్పటివరకు 19,832.

దశ 6: ఇంట్రాన్‌లోంచి పట్టుకోవడం

డీఎన్‌ఏ నుంచి నాలుగో ఎక్సాన్ చదవాలంటే డీఎన్‌ఏజ్ సాయం లేదు. అసలూ నకళ్లూ ఒకే ట్యూబులో ఉంటాయి. దస్తావేజు అసలుదా, జిరాక్సా అని ముద్ర తడిమి చూసినట్టు ఇక్కడ తడమవలసింది ఇంట్రాన్. అది అసలు జన్యువులోనే ఉంటుంది. అందుకని ఒక ప్రైమర్ మూడో ఇంట్రాన్‌లో, రెండోది నాలుగో ఇంట్రాన్‌లో రాశాం. మధ్యలో ఎక్సాన్ 4 మొత్తం 184 బేసులు, రెండు పక్కలా ఇంట్రాన్ అంచులు, కలిపి 318. ఎక్సాన్ అంచుకు మరీ దగ్గరగా పెట్టకండి. సీక్వెన్సింగ్‌లో ప్రైమర్ తర్వాతి 30, 40 బేసులు సరిగా చదవబడవు, ఆ నష్టం ఇంట్రాన్‌లోనే పోవాలి.

ఇంట్రాన్‌లో ప్రైమర్ రాయడంలో ఇంకో చిక్కు, ఆలూ అనే డీఎన్‌ఏ ముక్క వంటి పునరావృత క్రమాలు. మేం మొదట ఎంచుకున్న క్రమం అలాంటి దానిలోనే పడింది. ఆర్డరు పెట్టే ముందే జీనోమ్ అంతటితో పోల్చి చూశాం కాబట్టి డబ్బు మిగిలింది.

ప్రైమర్ అతుక్కునే దశలో 60 డిగ్రీలకు రెండు బ్యాండ్లు వచ్చాయి: 318 దగ్గర ఒకటి, 700 దగ్గర అనవసరమైనది ఒకటి. 62కు పెంచితే రెండోది పలచబడింది. 64కు పోయింది, కానీ అసలుదీ సన్నగిల్లింది. 63 దగ్గర ఆగాం.

ఖర్చు: ప్రైమర్లు 42 బేసులు, 588. పార్సిల్ 150. ఇప్పటివరకు 20,570.

దశ 7: చదివిన అక్షరాలు

మూడు ముక్కలను రెండు వైపుల నుంచీ చదివించాం: 28 చక్రాల సీడీఎన్‌ఏ, దశ 4లో ఎంజైము లేకుండా వచ్చిన దొంగ బ్యాండు, ఎక్సాన్ 4. దొంగ బ్యాండును జెల్ నుంచి కోసి దాచమన్నప్పుడు విద్యార్థులకు అది చాదస్తంగా తోచింది. దాని గ్రాఫులో చాలా చోట్ల ఒకే స్థానంలో రెండేసి శిఖరాలు కనిపించాయి. ఒకటికి మించి నకళ్లు కలిసి పెరిగాయి. సీడీఎన్‌ఏ గ్రాఫు చివరిదాకా శుభ్రంగా ఉంది.

ఎక్సాన్ 4లో అందరం ముందు వెదికింది 62వ కోడాన్. సంకేత భాగంలో 184, 185, 186 స్థానాలు. సీ, జీ, జీ: ఆర్జినిన్. రెండు వైపుల చదువులోనూ అదే.

దానికోసమే ఎందుకంటే, డైమండ్–బ్లాక్‌ఫాన్ రక్తహీనత ఉన్న పిల్లల్లో ఈ జన్యువు తరచుగా దెబ్బతినే చోట్లలో ఇదొకటి. మొదటి సీ స్థానంలో టీ వస్తే ఆర్జినిన్ బదులు ట్రిప్టోఫాన్, రెండో అక్షరం జీ బదులు ఏ అయితే గ్లూటమిన్. 1938లో డైమండ్, బ్లాక్‌ఫాన్ వివరించిన ఈ వ్యాధి సాధారణంగా పుట్టిన మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. ఎర్రకణాలు తయారు కావు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు దాదాపు మామూలుగా ఉంటాయి. క్రోమోజోమ్ 19 ముక్క ఎక్స్ క్రోమోజోమ్‌తో మారుపడిన ఒక రోగి ఆధారంగా 1999లో ఆర్‌పీఎస్19ను పట్టుకున్నారు. రైబోసోమ్ ప్రోటీన్ లోపంతో మనిషికి వ్యాధి వస్తుందని తేలిన మొదటి సందర్భాల్లో ఇదొకటి. రోగుల్లో సుమారు నాలుగో వంతు మందిలో ఈ జన్యువే కారణం.

రెండు ప్రతుల్లో ఒకటి చెడితే చాలు, వ్యాధి వస్తుంది. రైబోసోమ్‌లో కూర్చోవడమే కాదు, చిన్న ఉపభాగాన్ని తయారు చేయడంలోనూ ఆర్‌పీఎస్19 అవసరం. చిన్న ఉపభాగంలోని 18ఎస్ ఆర్‌ఎన్‌ఏ చివరను కత్తిరించి సరిచేసే దశలో అది తగ్గితే సగం చెక్కిన 21ఎస్ ఆర్‌ఎన్‌ఏ పోగుపడుతుంది, చిన్న ఉపభాగాలు కొరతపడతాయి. జత దొరకని ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 ప్రోటీన్లు 5ఎస్ ఆర్‌ఎన్‌ఏతో కలిసి, పీ53 అనే ప్రోటీన్‌ను అణచి ఉంచే ఎండీఎం2ను పట్టుకుంటాయి. దాంతో పీ53 పెరిగి కణం విభజన ఆగుతుంది. ఎర్రకణాల పూర్వకణాలకే ఎక్కువ దెబ్బ తగలడానికి వాటి తయారీకి కీలకమైన గాటా1 ప్రోటీన్ అనువాదం తగ్గడం కూడా ఒక కారణంగా పరిశోధకులు చూపారు. సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు పుట్టవలసిన మజ్జలో రైబోసోమ్ కొరత ముందు అక్కడే తెలియడం సహజం.

ఈ క్రమాన్ని నకళ్లతో కలిపి చదివి ఉంటే? మిథ్యా జన్యువులో ఎప్పుడో పేరుకున్న తేడా ఒకటి రోగి జన్యువులో ఉత్పరివర్తనంలా కనబడేది. ఈ జన్యువును పరీక్షించేవారు ఇంట్రాన్ ప్రైమర్లే వాడడానికి కారణం ఇదే. మా రికార్డుల్లో ఇక ఎంజైము వేయని వరుస లేని జెల్ ఫొటోకు సంతకం పెట్టడం లేదు.

ఖర్చు: ఆరు చదువులు, ఒక్కొక్కటి 350, మొత్తం 2,100. పార్సిల్ 180. ఇప్పటివరకు 22,850.

దశ 8: ఎక్సాన్ 1 (నడుస్తోంది)

సంకేతం లేని ఆ మొదటి ఎక్సాన్‌ను వదిలేద్దామని నేనన్నాను, విద్యార్థులు ఒప్పుకోలేదు. వారి వాదన సరైనదే: సందేశం మొదట్లో సీతో మొదలై వరుసగా సీ, టీలే వచ్చే గుర్తు అక్కడే ఉంటుంది. కణానికి ఆహారం అందుతోందో లేదో చూసుకుని ఎంటార్ అనే ఎంజైము రైబోసోమ్ ప్రోటీన్లన్నిటి తయారీని ఒకేసారి పెంచి తగ్గించేది ఆ గుర్తు ద్వారానే.

ప్రైమర్లు 41 బేసులు, 574. పార్సిల్ 150. మొత్తం 23,574. ఆ ప్రాంతం జీ, సీలతో నిండి ఉంది, మామూలు మిశ్రమంలో బ్యాండు రాలేదు. డీఎంఎస్‌ఓ (డీఎన్‌ఏ పోగులు విడిపోవడానికి తోడ్పడే ద్రావకం) 5 శాతం కలిపితే అడ్డంగా మసక వచ్చింది, బ్యాండు కాదు. ఇప్పుడు 3, 7 శాతాలు, 95 బదులు 98 డిగ్రీలు పెట్టి చూస్తున్నాం. మా ఎంజైము 98కి ఎంతసేపు నిలుస్తుందో ముందు దానిని విడిగా కొలవాలి.